మహారాజశ్రీ పెద్దాసుపత్రి వీల్‌చైర్ గారి సముఖానికి

అయ్యా,

మొన్న సోమవారం పొద్దున తొమ్మిదింటి నుంచి పదకొండున్నర దాకా తమరి దర్శనం కోసం తిరిగినవాణ్ణి. తమరికి గుర్తుండదు లెండి, ఆ టైంలో తమరు డ్యూటీలో ఉన్నారు. ఏం డ్యూటీయో కింద చెప్తా. తిరుమల్లో కూడా సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో చెప్తారు, తమరి దగ్గర అదీ లేదు.

పేషెంటు మా నాన్న. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. కాలికి ప్లేటు వేసి మూడు వారాలైంది, వేసింది కూడా మీ ఆసుపత్రిలోనే, ఆరోగ్యశ్రీలో, పైసా తీసుకోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, తర్వాత కోపంలో మర్చిపోతానేమోనని. ఎక్స్‌రే తీయించుకుని వచ్చి చూపించమన్నారు, వచ్చాం. ఆటో గేటు దాటి లోపలికి రానివ్వలేదు. అక్కణ్ణుంచి ఆర్థో ఓపీకి గట్టిగా 200 అడుగులుంటది.

"బాబూ, వీల్‌చైర్ కావాలి."
"ఆధార్ ఒరిజినల్ పెట్టండి."
పెట్టాం.
"కుర్చీ ఏది?"
"లోపల పేషెంట్ దగ్గరుంది, వస్తది."

అంటే కుర్చీ రాకముందే దాని అద్దె పట్టేశారన్నమాట. నాన్న గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు, నేను తమరిని వెతకడానికి బయల్దేరా. క్యాజువాలిటీలో అడిగితే మేల్ వార్డుకి వెళ్లిందన్నారు, మేల్ వార్డులో స్కానింగ్ దగ్గరుందన్నారు, స్కానింగ్ దగ్గరున్న ఆయన నన్ను ఎగాదిగా చూసి గేటు దగ్గర అడగండి అన్నాడు. మధ్యలో ఓపీ చీటీ. ఫోన్లో క్యూఆర్ స్కాన్ చేస్తే లైన్లో నిలబడక్కర్లేదంట, ఆ క్యూఆర్ దగ్గర సిగ్నల్ లేదు కాబట్టి దాని ముందే ఒక లైను. ఆసుపత్రి రికార్డుల కోసం ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు నాకూ ఉంది, నాన్నకీ ఉంది, ఇద్దరివీ కలిపితే 28 అంకెలు, ఒక్క చక్రం రాలా.

అసలు తమరి వంశం అలాంటిలాంటిది కాదు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి మీ పెద్దలదే కదా, 1888, 1889ల్లో క్లోరోఫాం అనే మత్తుమందు మీద డాక్టర్ లారీ కమిషన్లు పెట్టి ప్రయోగాలు చేసింది ఆ ఊళ్లోనే, నిజాం డబ్బుతో. (ఇప్పుడు ఆ మందు అక్కర్లేదు, ఎండాకాలం ఓపీ లైన్లో నిలబడితే మనిషి తనంతట తనే పోతాడు మత్తులోకి.) 1908 సెప్టెంబరు మూసీ వరదలో ఆ ఆసుపత్రి కొట్టుకుపోయింది, ఆ తర్వాత ఉస్మానియా కట్టారు. ఆ ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, వరద రోజు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెప్పుకుంటారు. 150 మంది! ఆ చెట్టు ఒక్కళ్లనీ ఆధార్ ఒరిజినల్ అడగలేదు.

విశాఖలో కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి, మొదలైంది 1923లో. అది కొండవాలు మీద, అటు కేజీహెచ్ అప్పు, ఇటు కేజీహెచ్ డౌను. అక్కడ తమరి చుట్టాలు ఏం పడుతున్నారో పాపం. తమరికి ఆ కష్టం కూడా లేదు, మాది చాప పరిచినట్టుండే ఊరు.

ఇంకోటి చెప్తా, ఇది నాకు రాత్రిళ్లు కూడా గుర్తొస్తోంది. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. నాన్న బాత్రూంలో జారి పడిన రోజు ఫోన్ చేస్తే ఊళ్లో మా సందు చివరికి ఇరవై నిమిషాల్లో వచ్చింది, ఇద్దరు కుర్రాళ్లు జాగ్రత్తగా మోసుకెళ్లారు, దార్లో బీపీ చూశారు. పద్దెనిమిది కిలోమీటర్లు అరగంట. అదే మనిషికి మీ గేటు నుంచి 200 అడుగులు దాటడానికి రెండున్నర గంటలు. ఈ లెక్క ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు, నాకు నవ్వు రావట్లేదు.

సరే, తమరు దొరికారు. ఎక్కడా? ఆఫీసు రూముల వైపు వరండాలో. తమరి మీద పేషెంటు ఉన్నాడు, నిజమే, సెక్యూరిటీ అబద్ధం చెప్పలా. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. ఒకటి సీట్లో, ఒకటి కాళ్లు పెట్టుకునే రేకు మీద. దర్జాగా కూర్చుని పోతున్నాయి, వెనకాల ఒకాయన మెల్లగా, ఒలక్కుండా తోసుకెళ్తున్నాడు.

ఏం వీల్‌చైరూ, ఆ క్యానుకి ఏ ఎముక విరిగిందమ్మా? తుంటా, మోకాలా? దాని ఆధార్ ఎక్కడ పెట్టారు? మా నాన్న ముప్పై రెండేళ్లు జనాన్ని ఎక్కించుకుని ఎక్కడివాళ్లని అక్కడ దింపాడు, నిండు గర్భిణి ఎక్కితే స్టాపు కాకపోయినా ఆసుపత్రి ముందు ఆపాడు, ఇదే ఆసుపత్రి ముందు. ఆ మనిషి దిమ్మె మీద కూర్చుని "వదిలెయ్‌రా, కుంటుకుంటూ నడుస్తాలే" అంటుంటే మీరు సాహెబుల మంచినీళ్లు మోస్తారా? సిగ్గులేదూ? తోసేవాణ్ణి అనను, వాడికి పైనుంచి చెప్పిన పని. ఆ చెప్పినవాళ్ల తండ్రికి కాలు విరిగితే ఏ క్యాను పక్కన కూర్చోబెడతారో అడగాలనుంది.

క్యాన్లు దించి ఇచ్చాడు. తమరి స్వరూపం అప్పుడు చూశా. ఎడమవైపు రేకు లేదు. సీటు రెగ్జిన్ చిరిగినచోట గాజుగుడ్డ బ్యాండేజీ చుట్టారు, ఆసుపత్రి కదా, కుర్చీకి కూడా కట్టే. వీపు మీద తెల్ల పెయింటుతో ఎవరి జ్ఞాపకార్థమో రాసుంది, పేరు సగం చెరిగిపోయింది. నాన్న ఎక్కి కూర్చుని రెండు గజాలు పోగానే "ఒరే, ఇది ఎడమకి లాగుతోంది, ముందు చక్రం బేరింగ్ పోయింది, డిపోలో అయితే ఈ బండి లైన్ మీదికి వదలం" అన్నాడు. కాలు నొప్పి మర్చిపోయాడు, దారంతా తమరి జబ్బుల గురించే.

డాక్టరు కుర్రాడు బంగారం, అప్పటికే ఎంతమందిని చూశాడో, అయినా కట్టు విప్పి నొక్కి చూసి, మోకాలు ఎలా వంచాలో రెండుసార్లు చేసి చూపించాడు. ఎక్స్‌రే గదికి మాత్రం తాళం. టైం అయిపోయింది, గురువారం రండి. రాసిన మూడు మందుల్లో రెండు లోపల, ఒకటి బయట. లిఫ్టు సంగతి ఎత్తను.

సాయంత్రం ఆధార్ వెనక్కి తీసుకోవడానికి ఇంకో అరగంట, ఆ డ్యూటీ మారిపోయిందంట.

గురువారం మళ్లీ వస్తున్నాం. ఈసారి ఆధార్ ఒరిజినల్, రెండు జిరాక్సులు, ఓపీ చీటీ అన్నీ కవర్లో పెట్టా. నాన్న దాంట్లో ఒక గ్రీజు డబ్బా, పాత స్పానరు కూడా పెట్టాడు. ఎందుకు నాన్నా అంటే "దానికి మాత్రం ఎవరున్నార్రా" అన్నాడు.

కాస్త గేటు దగ్గరే ఉండండి.

ఇట్లు,
ఆధార్ తాకట్టు పెట్టినవాడు