నెక్స్ట్ రిలీజ్ గారికి ఒక టెస్టర్ రాయు ఉత్తరం

మహారాజశ్రీ నెక్స్ట్ రిలీజ్ గారి దివ్య సముఖమునకు,

ఉభయ కుశలోపరి. ఈ మధ్యాహ్నం గంటన్నర మీటింగు పెట్టి, మా సాఫ్ట్‌వేర్‌లో నేను పట్టుకున్న తప్పుని, అదే నా బగ్‌ని, మళ్ళీ తమరి ఖాతాలోకే, అంటే ప్రోగ్రాము తర్వాతి వెర్షన్‌కే తోసేశారు. వడ్డీ లెక్క తప్పుతోందని కాలిక్యులేటర్ పట్టుకుని మరీ చూపించాను. "నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం బాస్" అన్నాడు మా మేనేజర్. బగ్‌ని నమోదు చేసిన టికెట్ మీద తేదీ మారింది, అంతే. సమోసాలు కూడా చల్లారిపోయాయి.

తమరేం తక్కువవారా! మా వాషింగ్టన్ రాష్ట్రం జైళ్ళ శాఖలో వెలగబెట్టిన నిర్వాకం ఇక్కడెవరు మర్చిపోతారు? 2002లో కోర్టు తీర్పొచ్చిందని రెమిషన్ (సత్ప్రవర్తనకి ఇచ్చే శిక్ష తగ్గింపు) లెక్క మార్చబోయి, ఆయుధం వాడినందుకు వేసే అదనపు శిక్షలో కూడా కోత పెట్టేసింది ఆ ప్రోగ్రాము. పదేళ్ళు ఎవరికీ పట్టలేదు. 2012 డిసెంబరులో ఒక బాధితుడి కుటుంబం సొంతంగా రోజులు లెక్కేసుకుని "వీణ్ణి ముందే వదిలేస్తున్నారండీ" అని చెప్పింది. చూస్తే వాళ్ళ లెక్కే కరెక్టు. వెంటనే టికెట్ తెరిచారు. తమరికి అప్పగించారు.

పదహారు వాయిదాలండీ! మన హీరోల సినిమాలు కూడా అన్నిసార్లు వాయిదా పడవు. పోనీ ఈలోగా చేత్తో లెక్కేద్దామా అంటే, అక్కర్లేదని లాయరు సలహా. తమరు రాలేదు గానీ ఖైదీల రిలీజులు మాత్రం ఆగలేదు. 2015 డిసెంబరులో గవర్నర్ ఇన్‌స్లీ బయటపెట్టేసరికి ముందే బయటికొచ్చినవాళ్ళు 3,200 మంది దాకా తేలారు.

ఆ ఏడాది మే నెలలో స్పోకేన్‌లో 17 ఏళ్ళ కుర్రాడు హత్యకు గురయ్యాడు. నిందితుడు ఆగస్టు దాకా లోపలే ఉండాల్సినవాడు. నవంబరులో మా బెల్‌వ్యూలో ఒకామె కారు ప్రమాదంలో పోయింది. నడిపినవాడికి డిసెంబరు దాకా శిక్ష ఉంది. నువ్వు వచ్చుంటే వాళ్ళిద్దరూ బతికుండేవాళ్ళేమో. అవును, నువ్వే. గౌరవం ఇక నావల్ల కాదు. పదహారు సార్లు ఆ తేదీ మార్చినప్పుడు ఒక్కడికీ చెయ్యి వణకలేదా?

చివరికి గవర్నర్ ఏమన్నారు? చేత్తో లెక్క సరిచూసేదాకా ఎవర్నీ వదలొద్దన్నారు. ఆ పని ఆ ఇంట్లోవాళ్ళు మూడేళ్ళ కిందటే చేసి చూపించారు కదరా!

ఇట్లు,
క్యూలో ఉన్న ఒక టెస్టర్

తా.క.: నా టికెట్‌కి ఇది నాలుగో వాయిదా. ఇంకా పన్నెండున్నాయి.