ఆ పొగాకు రసం మెసేజ్ ఇంక పంపకండి

"మిద్దె తోటకు ఆరు సూత్రాలు" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది, నిన్న మా వదిన కూడా "చూడు, నీకు పనికొస్తుంది" అని పంపింది. పంపినవాళ్లందరూ మంచి మనసుతోనే పంపారు, అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కానీ మా వీధిలోనే ఒకరు అందులో రాసినట్టు చేయడం మొదలుపెట్టారని తెలిశాక ఊరుకోవడం తప్పనిపించింది.

చిన్నవి ముందు తేల్చేస్తాను. గుడ్డు పెంకులు వేస్తే పది రోజుల్లో కాల్షియం అందుతుందట. అందదు. పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. మెత్తగా పొడి చేసి కంపోస్టులో కలపండి, నష్టమేం లేదు. మే నెలలో రోజుకు మూడు పూటలా నీళ్లు పోయాలట. వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, తడి ఉంటే పోయొద్దు. గుంటూరు ఎండల్లో కుండీ మొక్కలు ఎండి చచ్చినట్టే, వేరు కుళ్లి కూడా చస్తాయి.

ప్రతి వారం ప్రతి కుండీకీ ఎప్సం సాల్ట్ వేయాలన్నది మూడోది. అది మెగ్నీషియం సల్ఫేట్. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అది పనికొస్తుంది. ఆ లక్షణం లేకుండా ఎందుకు? టమాటా అడుగు నల్లబడితే ఇది మందని రాశారు. అక్కడ లోపం కాయకు కాల్షియం అందకపోవడం. అది ఎక్కువగా ఒకరోజు ఎండగట్టి, ఇంకోరోజు ముంచెత్తడం వల్ల వస్తుంది. మెగ్నీషియం మితిమీరితే వేరు తీసుకునే కాల్షియం ఇంకా తగ్గుతుంది. అంటే మందే జబ్బును పెంచుతుంది.

నాలుగోది: "అంజూర పెంచొద్దు, శాకాహారులు తినొద్దు, ప్రతి పండులో చచ్చిన కందిరీగ ఉంటుంది." ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. టర్కీలో పండే స్మిర్నా రకానికి చిన్న కందిరీగ పండు లోపలికి దూరి పరాగసంపర్కం చేయాలి. మన మేడి, రావి చెట్లకూ వాటివాటి కందిరీగలున్నాయి. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే పూణే అంజూరకు మాత్రం ఆ అవసరమే లేదు, పరాగసంపర్కం లేకుండానే కాయ పండుతుంది. ఇంటి అంజూర దగ్గర జాగ్రత్త పడాల్సింది పాల విషయంలో. కాయ తెంపినప్పుడు తొడిమ దగ్గర కారే తెల్లటి పాలు చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలొస్తాయి. పండింది మెడ వంచి వేలాడుతుంది, ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది, తెంపితే పాలు దాదాపు రావు. అప్పటిదాకా ఆగండి. పచ్చిగా కోసి బియ్యం డబ్బాలో పెడితే మామిడికాయలా తీపెక్కదు. వానాకాలం కాయ కాస్త చప్పగా ఉంటుంది, ఆకు వెనక తుప్పు రంగు మచ్చలూ వస్తాయి. అందుకని చెట్టు పీకేయక్కర్లేదు.

ఇక అసలు విషయం. అయిదో సూత్రం ఇది: "పొగాకు కాడలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే చేత్తో పిసికి వడకట్టి చెట్ల మీద కొట్టండి. ప్రకృతి సిద్ధం, ఏ హానీ లేదు, సాయంత్రమే కోసుకుని వండుకోవచ్చు."

ఇది రాసినవాళ్లకు పొగాకంటే తెలుసా? పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు మన గుంటూరు. తడి ఆకు కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు ఎందుకొస్తాయో చుట్టుపక్కల పల్లెల్లో ఎవరినైనా అడగండి. పొగాకులో ఉండే విషం నికోటిన్. అది నోట్లోంచే వెళ్లక్కర్లేదు, చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. అలాంటిదాన్ని చేత్తో పిసకమంటున్నారు! నికోటిన్ సల్ఫేట్ ఒకప్పుడు పురుగుమందుగా అమ్మిన సరుకే. మన దేశంలో దాని వాడకాన్ని 1992లోనే నిషేధించారు. కంపెనీ సీసాలో ఉంటే విషం, మన బకెట్లో ఉంటే ప్రకృతి అవుతుందా? వేప చెట్టు నుంచి వచ్చిందా, పొగాకు నుంచి వచ్చిందా అని చూడకుండా "ఆకు రసమే కదా" అనుకుంటే ఎలా?

పైగా కొట్టమన్నది వేటి మీద? తోటకూర, పాలకూర, గోంగూర. ఆకునే తినే కూరలు. ఎంత నానబెట్టారు, ఎంత చిక్కగా ఉంది, ఎంత నికోటిన్ దిగింది అన్నదానికి కొలతే లేదు. ప్రకృతి వ్యవసాయంలో పురుగులకు కొట్టే అగ్నిఅస్త్రం అనే కషాయంలోనూ పొగాకు వేస్తారు కదా అని ఒకరన్నారు. వేస్తారు. అది కొలత ప్రకారం పలచన చేసి చేలో కొట్టేది, పొద్దున కొట్టి సాయంత్రం వండుకునే ఆకుకూర మీద కాదు. ఇంకో నష్టం కూడా ఉంది. మొక్కలకు తెగులు తెచ్చే పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో ఏళ్లపాటు బతికే ఉంటుంది. మరగబెట్టకుండా ఊరికే నానబెట్టిన నీళ్లతో, పిసికిన చేతులతో టమాటాకూ మిరపకూ మీరే అంటిస్తారు.

మిరపాకు ముడుచుకుంటోందని కంగారుపడి ఇదంతా చేస్తున్నారని నాకు తెలుసు. ముందు ఆకు చూడండి. అంచులు పైకి లేస్తే తామర పురుగు, కిందికి వాలితే నల్లి (మంచంలోది కాదు, ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు). పువ్వును తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి పురుగులు పరిగెడితే తామర పురుగే. నీలం రంగు జిగురు అట్ట ఒకటి కట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి. మిద్దె మీద నాలుగు మొక్కలకు అది చాలు.

ఆరోది పుల్ల మజ్జిగ. దీన్ని కూడా ఉతికేద్దామనే కూర్చున్నాను గానీ, న్యాయం చెప్పాలంటే అది సరైనదే. బీర, దోస ఆకుల మీద తెల్లటి పొడిలా వచ్చే బూడిద తెగులు మొదట్లోనే ఉంటే, వెన్న తీసి బాగా పులిసిన మజ్జిగ పలచన చేసి కొడితే తగ్గుతుంది. ఆ మెసేజ్ రాసినవాళ్ల భయం కూడా అబద్ధం కాదు. మందులు కొట్టిన కూరలు తినలేకే కదా మనందరం మిద్దె ఎక్కాం.

ఎవరింట్లోనైనా ఆ రసం చేసి పెట్టుకుని ఉంటే, ముఖ్యంగా కూల్ డ్రింక్ సీసాలో పోసి ఉంచితే, పిల్లలకు అందకుండా ఇప్పుడే తీసి పక్కన పెట్టండి. ఒంటి మీద పడితే బట్టలు మార్చి సబ్బుతో కడుక్కోండి. వాంతులు, చెమటలు, తలతిరుగుడు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి ఏం వాడారో చెప్పండి. మెసేజ్ ఏ గ్రూపులో పంపారో, అదే గ్రూపులో "అయిదో పాయింట్ ప్రమాదం, చేయకండి" అని రాయండి.