64 దగ్గర ఆగిపోవాలా?

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సాయంత్రం సాధన ముగిశాక గ్యాలరీ మెట్ల మీద జరిగిన వాదన ఇది. ఒకరు ఏళ్ల తరబడి పిల్లలను పరుగెత్తిస్తున్న మేనమామ. మరొకరు వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించే మేనకోడలు. తగవంతా పందొమ్మిదేళ్ల ఒక కుర్రాడి గురించి. హైదరాబాద్‌లో పరీక్ష చేయించుకుంటే అతని వీవోటూ మ్యాక్స్ 64 అని తేలింది. మారథాన్ మానుకొమ్మని అక్కడే ఎవరో చెప్పి పంపారట.

మేనకోడలు: మాట కటువుగా ఉన్నా అందులో అబద్ధం లేదు మామయ్యా. ఒక్క నిమిషంలో, కిలో బరువుకు, ఒళ్లు గరిష్ఠంగా ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో ఆ సంఖ్య చెబుతుంది. ప్రపంచస్థాయి పురుషుల్లో అది సాధారణంగా 70 దాటి ఉంటుంది, కొందరిలో 80 కూడా దాటుతుంది.

మేనమామ: 2021 సెప్టెంబరులో ఇదే ట్రాక్ మీద హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నాటి సునీతా రాణి జాతీయ రికార్డును చెరిపేసింది. గీత దాటేటప్పుడు ఆమె ముక్కుకు గొట్టం తగిలించి ఎవరూ కొలవలేదమ్మా. గడియారమే కొలిచింది.

మేనకోడలు: గడియారం ఫలితం చెబుతుంది, కారణం చెప్పదు.

మేనమామ: కారణమే అడుగుతున్నాను. బ్రిటన్ మారథాన్ పరుగుగత్తె పాలా రాడ్‌క్లిఫ్ సంగతి నువ్వే చెప్పావు కదా. 1992లో పద్దెనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడూ, 2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టినప్పుడూ ఆ సంఖ్య సుమారు 70 దగ్గరే ఉందన్నావు. మరి ఆ పదకొండేళ్లలో మారిందేమిటి?

మేనకోడలు: పరుగు పొదుపు. మొదట్లో ఒక కిలోమీటరుకు, కిలో బరువుకు 205 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చు చేసేది. అది 175కు దిగింది. పిక్కను మడమకు కలిపే ఆ గట్టి కట్టు ఉంది చూశారా, పాదం నేలను తాకినప్పుడు సాగి, లేచేటప్పుడు స్ప్రింగులా శక్తిని తిరిగి ఇస్తుంది. ఏళ్ల సాధనతో కండరమూ నాడీ ఆ లయకు కుదురుకుంటాయి.

మేనమామ: నేను రోజూ అరిచేది అదే కదా! భుజాలు వదిలెయ్, చప్పుడు లేకుండా పాదం వెయ్ అని.

మేనకోడలు: సరే, లెక్క వేద్దాం. మనవాడి 64లో 85 శాతాన్ని రెండున్నర గంటల పాటు నిలబెట్టగలడనుకుందాం. అంటే 54.4. కిలోమీటరుకు 210 ఖర్చయితే మారథాన్ సుమారు 2 గంటల 43 నిమిషాలు. ఖర్చు 185కు తగ్గితే 2 గంటల 23. ఇరవై నిమిషాలు తగ్గినా, 1978లో మన దేశపు మారథాన్ వీరుడు శివనాథ్ సింగ్ పరుగెత్తిన 2 గంటల 12 నిమిషాలకు ఎంత దూరమో చూడండి.

మేనమామ: రెండేళ్లుగా మాత్రమే పరుగెత్తుతున్న పిల్లాడి 64ను రాతిలో చెక్కినట్టు మాట్లాడుతున్నావు. అది పెరగదా?

మేనకోడలు: పెరగవచ్చు. ఒకే సాధనతో కొందరిలో బాగా పెరుగుతుంది, కొందరిలో దాదాపు కదలదు. ఆ తేడాలో సగం దాకా వంశం నుంచి వచ్చేదే. మనవాడు ఏ కోవలోకి వస్తాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఆశ పెట్టవద్దంటున్నాను. ఇంట్లో వాళ్ల అమ్మ వీడికి కానిస్టేబుల్ ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తోంది. దాని ఎంపిక పరీక్షలో 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇస్తారు. వీడికి అది ఆడుతూ పాడుతూ అయిపోయే పని.

మేనమామ: ఉద్యోగం తెచ్చుకోమనే నేనూ చెబుతాను. పరుగు ఎందుకు మానాలి? నిన్న పదో ల్యాపులో అందరి నోళ్లూ తెరుచుకున్నాయి, వాడు పక్కవాడితో మాట్లాడుతున్నాడు. ఆ మాట్లాడగలగడం నీ పరీక్షలో ఎక్కడ ఉంది?

మేనకోడలు: (కాసేపు ఆగి) అది లాక్టేట్ గీత, మామయ్యా. పరుగెత్తేటప్పుడు కండరంలో లాక్టేట్ అనే పదార్థం తయారవుతుంది. ఒళ్లు దాన్ని వాడుకునేదానికంటే ఎక్కువగా తయారై, రక్తంలో పోగుపడటం మొదలయ్యే పరుగు వేగమే ఆ గీత. ఆ గీత ఎంత ఎత్తున ఉంటే మనిషి అంతసేపు తన గరిష్ఠానికి దగ్గరగా పరుగెత్తగలడు. అదేమీ కొలవకుండానే వాణ్ని వెనక్కి పంపారంటే... అది తప్పే.

మేనమామ: మరి!

మేనకోడలు: మీ తప్పు కూడా వినండి. మే నెలలో సాయంత్రం నాలుగింటికి పరుగెత్తిస్తున్నారు. వాడి నల్ల బనియను మీద ఉప్పు తెల్లటి పటంలా గీసుకుపోయింది. కండరం ఖర్చు చేసే శక్తిలో మూడొంతులకు పైగా వేడిగానే పోతుంది. ఆ ఎండలో రక్తం చర్మాన్ని చల్లార్చడానికి పరుగుతీస్తే కాళ్లకు మిగిలేదెంత? ఎండకు అలవాటు పడాలంటే రోజూ కొద్ది కొద్దిగా, పదిపన్నెండు రోజులు చాలు. నెలంతా మాడ్చక్కర్లేదు.

మేనమామ: రేపటి నుంచి వేకువన నాలుగున్నరకు. సరేనా? కానీ వాడికి మానుకొమ్మని నేను చెప్పను.

మేనకోడలు: నేనూ మానుకొమ్మనను. అయితే రెండు గంటల పది నిమిషాల కల మీరు వాడికి అమ్మవద్దు. మంగళవారం నేను వస్తాను. ల్యాపు ల్యాపుకూ వేగం పెంచుతూ, ప్రతి దశ చివరా లాక్టేట్ కొలవడానికి చెవి తమ్మె నుంచి ఒక రక్తపు బొట్టు తీస్తాను.

మేనమామ: ముందు వాడికి భయం లేకుండా చెప్పు. సూది అంటే ఆమడ దూరం పోతాడు.