అరవై మీటర్లే కదా అనేవాళ్లకి

ఇప్పుడే ఆఫీసు క్యాంటీన్‌లో ఒకాయనతో గొడవపడి వచ్చాను, ఇంకా కోపం తగ్గలేదు. ఫోన్‌లో జ్యోతి యర్రాజీ పాత రేసు చూస్తుంటే వెనక నుంచి తొంగిచూసి, "అరవై మీటర్లేనా? దీనికి కూడా గోల్డ్ మెడల్ ఇస్తారా? మా గల్లీ చివరికే అంత దూరం ఉంటుంది" అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఒళ్లు మండింది నాకు.

ఆ రేసు 2024 ఫిబ్రవరిలో టెహ్రాన్‌లో జరిగిన ఆసియా ఇండోర్ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో మహిళల 60 మీటర్ల హర్డిల్స్ ఫైనల్, అంటే దారిలో నిలబెట్టిన అడ్డంకుల మీంచి దూకుతూ పరిగెత్తే పందెం. మన విశాఖ అమ్మాయి 8.12 సెకన్లలో గెలిచింది, జాతీయ రికార్డుతో. అంతకుముందు ఏడాది ఆస్తానాలో 8.13తో సిల్వర్ వచ్చింది. ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకుంటే తగ్గింది సెకనులో వందోవంతు! మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో ఉంటుంది, తర్వాత ఎనిమిదిన్నర మీటర్లకొకటి చొప్పున మొత్తం ఐదు, ఒక్కోటి 84 సెంటీమీటర్లు, అంటే మనం అన్నం తినే టేబుల్ కంటే ఎత్తు. రెండింటి మధ్య మూడే అంగలు. ఒక్క అంగ తేడా వచ్చిందా, సర్దుకోవడానికి దూరమే మిగలదు. గీత దాటాక నెమ్మదిగా ఆగడానికీ పెద్దగా చోటుండదు, ఎదురుగా మెత్తలు కట్టిన గోడ, చాలాసార్లు వెళ్లి దానికి గుద్దుకోవాల్సిందే. గల్లీ చివరికి నడిచినట్టుందా ఇది?

అదే టెహ్రాన్‌లో మన రన్నర్ గుల్వీర్ సింగ్ 3000 మీటర్లలో అందరికంటే ముందొచ్చాడు, ఆ తర్వాత లేన్ తప్పాడని డిస్‌క్వాలిఫై చేశారు. ఇండోర్ ట్రాక్ చుట్టు 200 మీటర్లే, మలుపులు ఇరుకు, ఒకరినొకరు రాసుకుంటూ పరిగెత్తాలి. అలాంటి ట్రాక్ మీద రోజూ పరిగెత్తే అవకాశం మనవాళ్లకెక్కడుంది? భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మొన్నమొన్న కట్టిందే దేశంలో మొదటిది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంతమంది క్రీడా మంత్రులు మారినా ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు, మెడల్ వచ్చిన రోజు శాలువా పట్టుకుని మాత్రం అందరూ వస్తారు.

అసలు ఆ అమ్మాయికి జరిగినవి తలుచుకుంటేనే కడుపు మండుతుంది. 2020లో మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్ 13.03లో పరిగెత్తితే డోప్ టెస్ట్ జరగలేదని లెక్కలోకి తీసుకోలేదు. టెస్ట్ చేయించాల్సింది ఎవరు, ఆ పిల్లా? 2022లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తితే వెనక నుంచి తోసే గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉందన్నారు, రికార్డుకి అది 2.0 దాటకూడదట. చివరికి సైప్రస్ వెళ్లి 13.23తో, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరు మీదున్న 13.38 రికార్డు బద్దలుకొడితే గానీ మనవాళ్లు ఒప్పుకోలేదు. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఆసుపత్రిలో పనిచేసేది. ఆ ఇంటి నుంచి అక్కడిదాకా వెళ్లిన అమ్మాయిని చూసి క్యాంటీన్‌లో సమోసా తింటూ "ఇంతేనా" అంటారు!

ఆమె ఎత్తు చూసి హర్డిల్స్ వైపు నడిపించింది పోర్ట్ హైస్కూల్ డ్రిల్ మాస్టారు. అంటే ఆ బడికి గ్రౌండ్ ఉంది, మాస్టారు ఉన్నారు, ఆ పీరియడ్ జరిగింది. మా పిల్లల స్కూల్ నాలుగంతస్తుల బిల్డింగ్, కింద సెల్లార్‌లో బస్సులు. గేమ్స్ పీరియడ్‌లో మ్యాథ్స్ సార్ వచ్చి ఐఐటీ ఫౌండేషన్ చెబుతారు. ఫీజు రసీదులో మాత్రం స్పోర్ట్స్ ఫీజు అని వేరే లైన్ ఉంటుంది, అడిగితే అది యాన్యువల్ డే కోసమట. మా అమ్మాయి ఏడో తరగతి, వీధిలో మగపిల్లల్ని కూడా దాటేసి పరిగెడుతుంది. ఎక్కడ పరిగెత్తాలి అది, బస్సుల మధ్యా?

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ఆ రసీదు పట్టుకునే వెళ్తున్నాను. అదే స్కూల్లో పిల్లలున్నవాళ్లు ఈ పోస్ట్ చూస్తుంటే మీ రసీదులు కూడా తీసుకురండి, ఆ డబ్బుతో ఊరవతల గ్రౌండ్ అద్దెకు తీసుకుని వారానికి రెండు రోజులైనా పిల్లల్ని పరిగెత్తించమని అందరం కలిసి అడుగుదాం.