ఎనిమిదికి ఎనిమిది

(నెల్లూరు స్వర్ణాల చెరువు కట్ట. రొట్టెల పండుగ దగ్గరపడింది, దుకాణాల కోసం గుంజలు పాతుతున్నారు. సిమెంటు బల్ల మీద రిటైరైన డ్రిల్లు మాస్టారు, పక్కన ఆయన అన్న కూతురు. కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ పందేల్లో చెరి ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది తగువు. జర్మనీ బిర్గిట్ ఫిషర్ పక్షం మాస్టారిది, న్యూజిలాండ్ లీసా క్యారింగ్టన్ పక్షం అమ్మాయిది.)

మాస్టారు: ఎనిమిదికి ఎనిమిది చెల్లు. మరి ఫిషర్ నాలుగు రజతాలు ఎక్కడ పెడతావమ్మా? ఆమెవి మొత్తం 12 పతకాలు, మీ క్యారింగ్టన్‌వి 9. కూడికలు వచ్చిన వాళ్లకు ఇక వాదనెందుకు?

అమ్మాయి: కూడికలే చేద్దాం బాబాయ్. ఆ ఎనిమిదిలో పడవలో ఒక్కతే కూర్చుని గెలిచినవి ఎన్ని? ఫిషర్‌వి రెండు, 1980లో మాస్కో, 1992లో బార్సిలోనా. ఇద్దరి పడవలో రెండు, నలుగురి పడవలో నాలుగు. క్యారింగ్టన్ ఒంటరిగానే ఐదు గెలిచింది. లండన్, రియో, టోక్యోల్లో 200 మీటర్లు, టోక్యో, పారిస్‌లలో 500.

మాస్టారు: ఆ 200 మీటర్ల పందెం ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో పెట్టిందే 2012లో. లేని పందెంలో ఫిషర్ ఎలా గెలుస్తుంది? పైగా అది ఎంతసేపు? సుమారు 40 సెకన్లు, అంతే. జబ్బల్లో బలముంటే చాలు. మన బకింగ్‌హాం కాలువలో గెడ వేసి ఉప్పు పడవలు నడిపిన వాళ్లను దించి ఉంటే తెలిసేది.

అమ్మాయి: దించి ఉంటే మునిగేవారు. ఒంటరి కయాక్ బరువు 12 కిలోలు, వెడల్పు మనిషి నడుమంత. అలవాటు లేనివాడు కూర్చోగానే బోల్తా పడుతుంది. అసలు అది జబ్బల పని కాదు బాబాయ్. మీ గొడుగు అడ్డంగా పట్టుకోండి. కాళ్లు చాపి, ఎదురుగా పలక ఉందనుకోండి. కుడి పక్క తెడ్డు వేసేటప్పుడు కుడి పాదంతో పలకను తన్నాలి. ఆ తోపుకు నడుము తిరుగుతుంది, నడుముతో భుజం తిరుగుతుంది. తెడ్డు ఆకు పాదం దగ్గర నీళ్లలో దిగి, తుంటి దగ్గరికి వచ్చేసరికి పైకి లేవాలి.

(మాస్టారు గొడుగు పట్టుకుని గట్టిగానే తన్నారు. కుడికాలి చెప్పు ఎగిరి గుంజలు పాతే కుర్రాడి ముందు పడింది. వాడు తెచ్చి ఇచ్చేదాకా వాదన ఆగింది. పాఠం మాత్రం ఆయనకు ఎక్కినట్టే ఉంది, గొడుగు కింద పెట్టలేదు.)

మాస్టారు: సరే, కాళ్లదే అనుకుందాం. ఆ కాళ్లు ఎన్నేళ్లు తన్నాయో చూడు. మాస్కోలో ఫిషర్‌కు 18 ఏళ్లు, ఏథెన్స్‌లో 42. ఇద్దరు పిల్లల తల్లి. సిడ్నీ తర్వాత చాలించి, మళ్లీ వచ్చి నలుగురి పడవలో హంగరీని వెంట్రుకవాసిలో దాటించింది. ఆ పడవలో ఒక పిల్ల మాస్కో పందెం నాటికి పుట్టనే లేదు!

అమ్మాయి: పిల్లలను బడినుంచే ఏరి ఆటగాళ్లను తయారుచేసిన తూర్పు జర్మనీ ఆమె వెనక ఉంది. ఆటగాళ్లకు ప్రభుత్వమే సత్తువ పెంచే నిషిద్ధ మందులు ఎక్కించిన మచ్చ ఆ దేశానికి ఉంది. ఆమె మీద నింద వేయను. కానీ అది ఒక్క మనిషి గెలుపు ఎలా అవుతుంది?

మాస్టారు: ఆ దేశం 1990లో పటంలోంచే పోయింది. ఎనిమిదిలో ఐదు స్వర్ణాలు ఆ తర్వాతవే. పందిరి కూలినా తీగ కాసింది, ఏమంటావు?

అమ్మాయి: క్యారింగ్టన్ కిందా నేల కదిలింది బాబాయ్. మూడు ఒలింపిక్స్‌లో ఆమెను గెలిపించిన 200 మీటర్లను టోక్యో తర్వాత తీసేశారు. 500 వేరే లెక్క. సత్తువంతా మొదట్లోనే గుమ్మరిస్తే చివర్లో చేతులు రాళ్లవుతాయి. రియోలో ఆమెకు అందులో కాంస్యమే దక్కింది, టోక్యోకు దాన్ని స్వర్ణం చేసుకుంది. పారిస్‌లో 35 ఏళ్ల వయసులో మూడు రోజుల్లో మూడు స్వర్ణాలు. అందులో మీకు ప్రాణమైన నలుగురి పడవ కూడా ఉంది.

మాస్టారు: దొరికావు! అదే పడవలో టోక్యోలో ఆమెది ఎన్నో స్థానం?

అమ్మాయి: ...నాలుగు.

మాస్టారు: ఒంటరిగా దిగితే తిరుగులేని మనిషి అక్కడ ఒట్టి చేతులతో వచ్చింది. పల్లకి మోసే బోయీలను చూడు, ఒకడి అడుగు తప్పితే నలుగురూ తూలుతారు. ఇందాక నువ్వు చులకన చేసిన ఆ పడవలో ఫిషర్‌వి నాలుగు స్వర్ణాలు.

అమ్మాయి: చులకన చేశానా? సరే, చేశాను, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మూడేళ్లలో, ఇద్దరు కొత్తవాళ్లతో, ఆమె ఆ పడవనూ గెలిపించింది. ఎవరూ ఓడించలేని ఒంటరి పడవతో సరిపెట్టుకోకుండా, ఓడిపోయిన చోటికే తిరిగి వెళ్లడం మీకు గొప్పగా తోచడం లేదా?

మాస్టారు: తోస్తోంది, అందుకే 1984 మాట ఎత్తాల్సి వస్తోంది. ఫిషర్‌కు 22 ఏళ్లు, చేతిలో ప్రపంచ టైటిల్. సోవియట్ కూటమితో పాటు ఆమె దేశమూ లాస్ ఏంజెలెస్‌ను బహిష్కరించింది. ఆమె ఇంట్లో కూర్చుంది. ఆ ఏడు దిగి ఉంటే మనం ఎనిమిదికి ఎనిమిది అని మాట్లాడుకునే వాళ్లమా?

అమ్మాయి: దిగని పందేనికి పతకం ఎలా వేస్తాం బాబాయ్?

మాస్టారు: అయితే తీసేసిన 200 మీటర్లకు జాలి పడమని నువ్వూ అడగకు.

అమ్మాయి: జాలి ఎవరడిగారు? ఆ గొడుగు ఇలా ఇవ్వండి, పట్టు తప్పుగా ఉంది.