ఒక్కడే, సరే!

(విమల మతాల తులనాత్మక అధ్యయనంలో ఎమ్మే పరీక్ష రాయబోతోంది. ప్రశ్నలడిగి ఆమెను తయారుచేసే బాధ్యత మొగుడు సుందరం నెత్తికెత్తుకున్నాడు. ఎవరూ అడగలేదు.)

సుందరం: క్రైస్తవుల దేవుడికీ ముస్లింల దేవుడికీ తేడా ఏమిటి? టకటకా చెప్పు.

విమల: టకటకా తేలే సంగతైతే ఇన్ని వందల ఏళ్లు ఎందుకు వాదించుకుంటారండీ?

సుందరం: నేను చెప్తా రాసుకో. వీళ్లకి ఒకడు, వాళ్లకి ముగ్గురు. తర్వాతి ప్రశ్న.

విమల: ఆ ముక్క రాస్తే నాకు సున్నా. ముగ్గురు దేవుళ్లని ఏ చర్చీ ఒప్పుకోదు. ఆజ్ఞల్లో ప్రధానమైనదేదని ఓ యూదు ధర్మశాస్త్ర పండితుడు అడిగితే యేసు మొదట చెప్పిందే, ప్రభువు ఒక్కడే అని. మార్కు సువార్త, పన్నెండో అధ్యాయం.

సుందరం: మరి తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ? ఇదిగో, మూడు వేళ్లు లేచాయి.

విమల: దించండి. దైవత్వం ఒకటే, వ్యక్తులు ముగ్గురు. అదీ త్రిత్వం.

సుందరం: ఓస్, ఇంతేనా! నాలాగన్నమాట. మా నాన్నకి కొడుకుని, బాబిగాడికి తండ్రిని, నీకు మొగుణ్ణి. మనిషొక్కణ్ణే, వేషాలు మూడు.

విమల: అచ్చం ఇలాగే వాదించినాయన పేరు సబెల్లియస్. మూడో శతాబ్దంలో రోములో వెలివేశారు.

సుందరం: ఇంత చక్కగా చెప్పినందుకా?

విమల: వేషాలేసేది ఒక్కడే అయితే, గెత్సేమనే తోటలో యేసు 'తండ్రీ' అని ప్రార్థించింది ఎవరికి? తనకి తానేనా?

సుందరం: అందులో వింతేముంది? నేను ఈ ఇంట్లో రోజూ చేసేదదే. నీతో మాట్లాడుతున్నాననుకుని నాతో నేనే మాట్లాడుకుంటాను.

విమల: విననని కాదు. విని ఊరుకుంటాను.

సుందరం: సరే, ఇలా చూడు. ముందు తండ్రి. తర్వాత కొడుకుని సృష్టించాడు. కొడుకు కొంచెం చిన్న దేవుడు. గొడవే లేదు.

విమల: మీకు వెలి మీద ఇంత మోజేమిటండీ! అది అరియస్ వాదం. కుమారుడు లేని కాలం ఒకటుందన్నాడు అలెగ్జాండ్రియాలో. 325లో నైసియా సభలో బిషప్పులు కూర్చుని, కుమారుడు జనితుడే, అంటే తండ్రి నుంచి పుట్టినవాడే గాని సృష్టి కాడని తీర్మానించారు. తీర్మానం అయింది గానీ గొడవ తెమల్లేదు. ఆ తీర్మానాన్ని పట్టుకు వేలాడిన అథనేసియస్‌ని ఐదుసార్లు దేశాంతరం పంపారు.

సుందరం: ఐదుసార్లూ తిరిగొచ్చాడా?

విమల: వచ్చాడు.

సుందరం: మొండిఘటం! మీ పుట్టింటి వైపు వాడై ఉంటాడు.

(విమల దీనికి జవాబు చెప్పదు. పేజీ మాత్రం కాస్త గట్టిగా తిప్పుతుంది.)

సుందరం: ఇస్లాంలో ఈ తలనొప్పే లేదు. ఒక్కడు. హాయి.

విమల: ఖురాన్ 112వ సూరా, అంటే అధ్యాయం. నాలుగే ఆయత్లు, వాక్యాలు. అల్లాహ్ ఒక్కడు. ఆయనకి ఎవరి అవసరమూ లేదు, అందరికీ ఆయనే అవసరం. ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు. సాటి ఎవరూ లేరు. తౌహీద్, అంటే దేవుడొక్కడేననే నమ్మకం, దాని సారమంతా అందులో ఉంది. ఆయనకి భాగస్వామిని అంటగట్టడం షిర్క్, అన్నిటికన్నా పెద్ద పాపం.

సుందరం: నాలుగే! నేర్చుకో. నేను గడప దాటేలోపు నువ్వు చెప్పే జాగ్రత్తలే నలభై.

విమల: ఒక్కటైనా గుర్తుంటే మానేద్దును. యేసు వాళ్లకీ గొప్ప ప్రవక్తే. తండ్రి లేకుండా మర్యమ్‌కి పుట్టాడనీ నమ్ముతారు, ఆమె పేరున ఓ సూరానే ఉంది. దేవుడి కొడుకని మాత్రం అనరు. అల్లాహ్ దృష్టిలో ఈసా, అంటే యేసు, ఆదాము లాంటివాడే, మట్టితో చేసి 'అవు' అంటే అయ్యాడంటుంది ఖురాన్. తండ్రి లేకపోతే దేవుడే అయితే, తల్లి కూడా లేని ఆదాము మాటేమిటి?

సుందరం: అద్గదీ దెబ్బ!

విమల: సంబరం ఆపండి. తలనొప్పి లేదన్నారుగా? ఖురాన్ దేవుడి మాట. ఆ మాట సృష్టా, అనాదిగా ఆయనతోనే ఉందా?

సుందరం: మాటన్నాక... ఎప్పుడో ఒకప్పుడు అనుంటాడు.

విమల: ముఅతజిలీలని ఇస్లాంలో తర్కవాదులు, వాళ్లూ సృష్టే అన్నారు. అనాది అంటే దేవుడి పక్కన ఇంకో అనాది వచ్చి నిలబడుతుంది, తౌహీద్ చెడుతుందని వాళ్ల భయం. 833లో ఖలీఫా మామూన్ పండితులందరిచేతా సృష్టే అనిపించబోయాడు. అహ్మద్ ఇబ్న్ హంబల్ అననన్నాడు. సంకెళ్లేశారు, తర్వాతి ఖలీఫా కొరడాలతో కొట్టించాడు. అయినా అనలేదు. చివరికి సున్నీల్లో నిలిచింది ఆయన మాటే.

సుందరం: ఆగాగు. ఎప్పటినుంచో ఉందా, తర్వాతొచ్చిందా... ఇందాక నైసియాలో తగువూ ఇదే కదే?

విమల: (మొదటిసారి పుస్తకంలోంచి తలెత్తి) అదేనండీ! 'ఆదియందు వాక్యముండెను' అంటాడు యోహాను. ఆ వాక్యం మనిషై వచ్చింది, ఆయనే యేసు అంటారు క్రైస్తవులు. ముస్లింలకి ఆ వాక్కు ఖురానై దిగింది. సృష్టి కాదని ఇద్దరూ పట్టుబట్టారు. క్రైస్తవులకి వాక్యం ఒక వ్యక్తి, అందుకే మొక్కుతారు. సున్నీ పండితులకి వాక్కు దేవుడి గుణం. గుణానికి మొక్కరు, దేవుడికే మొక్కుతారు.

సుందరం: అయితే ఎవరి దేవుడు దగ్గర?

విమల: అల్లాహ్ దూరమని చాలామంది అనేస్తారు, అది తప్పు. మెడ నరం కంటే దగ్గరగా ఉన్నానంటాడు ఖురాన్‌లో. ప్రతి సూరా మొదట్లో, ఒక్క తొమ్మిదోది తప్ప, కరుణామయుడనే పిలుపే. దగ్గరగా ఉంటాడు గానీ మనిషవడు, సిలువ మీద చావడు. అలా అనుకోవడం ఆయన ఘనతకి తక్కువ. క్రైస్తవులకి అదే ఘనత. అంత పైనున్నవాడు ఇంత కిందికి దిగొచ్చాడే అని.

సుందరం: దిగిరావడం అంటే ఓడిపోవడమే కదా.

విమల: మీరు ఏనాడైనా దిగొస్తే కదా తెలిసేది. తర్వాతి ప్రశ్న.

సుందరం: '451లో కాల్సిడన్ సభ క్రీస్తులోని దైవ, మానవ స్వభావాల గురించి ఏమని తీర్మానించింది?' ఇది నాకొచ్చు. సగం దేవుడు, సగం మనిషి.

విమల: పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి! ఆ పుస్తకం అక్కడ పెట్టి బయటికి నడవండి. పొద్దున్నించి మిమ్మల్ని వెలివెయ్యడం ఇది మూడోసారి.

సుందరం: (గుమ్మంలో ఆగి) అథనేసియస్ కంటే ఇంకా రెండు తక్కువేనే!