బలికి ముందు గంట కొట్టాలి

చదరంగంలో ఏళ్ల తరబడి ఒక ఘోరమైన అన్యాయం జరుగుతోంది. దీని మీద ఇంతవరకూ అసెంబ్లీలో ఒక్క వాయిదా తీర్మానం రాలేదు, కలెక్టరేట్ ముందు ఒక్క ధర్నా జరగలేదు. మేధావులు ఎప్పటిలాగే మౌనంగా ఉన్నారు. కాబట్టి ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

అన్యాయం ఏమిటంటే, బలి ఉందని, అంటే పావును కావాలని ఇచ్చేస్తే పని జరుగుతుందని పజిల్‌లో చెబుతారు, ఆటలో చెప్పరు.

ఫోన్‌లో పజిల్ తెరవండి. పైనే రాసి ఉంటుంది, తెల్లపావులతో ఆడి గెలవండి అని. కొంచెం దయగల యాప్ అయితే మూడు ఎత్తుల్లో మేట్ (రాజుకు తప్పించుకునే దారి లేని చెక్) అని లెక్క కూడా కట్టి చేతిలో పెడుతుంది. ఇంత సమాచారం అందాక ఇంక జంకేముంది? మంత్రిని తీసుకెళ్లి ఎదుటి బంటుకు అప్పగిస్తాం. ఏనుగునిస్తాం, గుర్రాన్నిస్తాం. ఏదో ఒకటి ఇస్తే పని జరుగుతుందని ముందే తెలుసు. ఏది ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్నదొక్కటే తేలాలి. మన ప్రభుత్వాఫీసుల్లో పనులు చేయించుకున్న అనుభవం ఉన్నవాళ్లు ఈ విద్యలో చాలా త్వరగా పైకొస్తారు.

అదే మనిషి టోర్నమెంటులో కూర్చుంటాడు. ఇరవయ్యో ఎత్తు దగ్గర అచ్చం అలాంటి పొజిషనే వస్తుంది. భుజం తట్టేవాడుండడు, పైన రాసీ ఉండదు. ఆయన అంచున ఉన్న బంటును ఒక గడి ముందుకు జరిపి, గడియారం నొక్కి, టీ కోసం లేస్తాడు. పజిల్స్‌లో ఆయన రేటింగ్ 2300, బోర్డు మీద 1500. మధ్యలో మాయమైన ఆ 800 పాయింట్ల మీద విచారణ కమిషన్ వేయాల్సిందే.

ఇదేదో మాబోటి వాళ్ల గోడు అని కొట్టిపారేయకండి. 2014 నవంబరు, రష్యాలోని సోచి. ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్. తెల్లపావులతో మాగ్నస్ కార్ల్‌సన్, నల్లపావులతో మన విశ్వనాథన్ ఆనంద్. అప్పటికి స్కోరు సమానం. ఇరవయ్యారో ఎత్తులో కార్ల్‌సన్ తన రాజును డి2 గడిలోకి నడిపించాడు. షికారుకు బయల్దేరినట్టు ఒక్క అడుగు, అంతే.

ఆ ఒక్క అడుగుతో ఆనంద్ గుర్రానికి దారి దొరికింది. ఈ5లో ఉన్న బంటును కొడితే చాలు. ఆ గుర్రాన్ని తెల్ల ఏనుగుతో తీసుకుంటే జి4లో ఉన్న రెండో ఏనుగు ఊరికే పోతుంది. అలా కాదని జి8లో నల్ల ఏనుగును కొట్టినా, గుర్రం సి4లో ఇంకో బంటును తింటూ చెక్ చెబుతుంది. రాజు డి2లో నిలబడ్డాడు కాబట్టే అది చెక్. అక్కడి నుంచి బి2కి దూకి మళ్లీ చెక్. అప్పుడు తీరిగ్గా రెండో నల్ల ఏనుగుతో జి8లో ఏనుగు బాకీ వసూలు చేసుకుంటే, ఖర్చులు పోను రెండు బంట్లు మిగులు.

ఆనంద్ అంచున ఉన్న బంటును ఒక గడి ముందుకు తోశాడు, అదీ పెద్దగా ఆలోచించకుండానే. ఎత్తు వేశాక కార్ల్‌సన్‌కు తన తప్పు తెలిసింది. ఎత్తు వేశాక ఆనంద్‌కూ తన తప్పు తెలిసింది. మన దేశంలో జ్ఞానోదయాలన్నీ రాజీనామా చేశాకే అవుతాయంటారు, నార్వే వాళ్లకూ అదే రూలని ఆ రోజు రుజువైంది. కార్ల్‌సన్ ఆ గేమ్ గెలిచాడు. చివరికి మ్యాచ్ కూడా 6.5–4.5తో గెలిచాడు.

సరిగ్గా అదే నిమిషంలో, తెర పక్కన ఎవరిది పైచేయో చెప్పే కంప్యూటర్ అంకెలు చూస్తూ కూర్చున్న లక్షలాది మంది ఆనంద్ కన్నా గొప్ప ఆటగాళ్లయిపోయారు. ఇంత చిన్న ఎత్తు కనిపించలేదా, వయసైపోయింది, కళ్లు మందగించాయి అన్నారు. వాళ్లలో గుర్రం ఎటు దూకుతుందో అప్పుడే నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. తీర్పు చెప్పడానికి అదేమీ అడ్డు రాలేదు.

అందుకే నా డిమాండు. ప్రతి బోర్డు పక్కనా ఒక గంట వేలాడదీయాలి. బలి పనిచేసే పొజిషన్ రాగానే అక్కడ నియమించిన ఉద్యోగి లేచి గంట కొట్టాలి. బలి ఏమిటో చెప్పక్కర్లేదు, ఉందని చెబితే చాలు. దీనికి వెంటనే జీవో ఇవ్వాలి. గంటల కొనుగోలుకు టెండర్లు పిలవాలి, టెండర్లలో అక్రమాలు జరగాలి, వాటి మీద ప్రతిపక్షం గగ్గోలు పెట్టాలి. అప్పుడే చదరంగం నిజమైన ప్రజల ఆట అవుతుంది.

ఈ పథకంలో ఒక చిక్కు ఉందని ఒప్పుకుంటాను. దాని పేరు మిఖాయిల్ తాల్. 1960లో మాస్కోలో అప్పటి చాంపియన్ బొత్విన్నిక్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్. ఆరో గేమ్‌లో తాల్ 21వ ఎత్తుగా తన గుర్రాన్ని ఎఫ్4లో పెట్టి, కావాలంటే తీసుకో అన్నట్టు కూర్చున్నాడు. హాల్లో గోల ఎంత పెరిగిందంటే ఆటగాళ్లిద్దరినీ వేరే గదిలోకి మార్చాల్సి వచ్చింది. ఆ బలి సరైనది కాదని తర్వాత పండితులు తీరిగ్గా తేల్చారు. ఆ తీరికే బొత్విన్నిక్‌కు లేదు, గడియారం నడుస్తోంది. తాల్ ఆ గేమూ గెలిచాడు, మ్యాచూ గెలిచాడు, 23 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మరి ఎఫ్4 దగ్గర మా ఉద్యోగి గంట కొట్టాలా వద్దా? రూల్ ప్రకారం కొట్టకూడదు. కొట్టకపోతే చరిత్ర జరగదు. ప్రస్తుతానికి ఈ ఫైలు పెండింగులో ఉంచాం. ఎలక్ట్రికల్ ఇంజనీరైన బొత్విన్నిక్ ఆ తర్వాత ఏళ్ల తరబడి కంప్యూటర్‌కు చదరంగం నేర్పే పనిలో పడ్డాడు. ఆయన బాధ నేను అర్థం చేసుకోగలను.

అసలు రోగం చిన్నప్పుడే అంటుకుంటోంది. కోచింగ్‌లో చేరిన మొదటి నెలలోనే పిల్లలకు 1858 నాటి పారిస్ ఒపెరా గేమ్ చూపిస్తారు. ఒక డ్యూక్, ఒక కౌంట్ ఇద్దరూ కూడబలుక్కుని ఆడుతుంటే, పాల్ మార్ఫీ బి8లో మంత్రిని ఇచ్చేసి, పదిహేడో ఎత్తులో ఏనుగుతో మేట్ చేస్తాడు. తర్వాత 1851 లండన్ గేమ్. అండర్సెన్ ఒక శకటు (బిషప్), రెండు ఏనుగులు, చివరికి మంత్రిని కూడా దానం చేసి, మిగిలిన చిన్న పావులతో మేట్ చేస్తాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. ఏమీ ఇవ్వకుండా అరవై ఎత్తులు ఆడి డ్రా చేసుకున్న గేమ్ ఒక్కటీ ఎవరూ చూపించరు. దాంతో పావులున్నది పారేయడానికే అని పసి మనసుల్లో నాటుకుపోతుంది. ఎనిమిదో ఎత్తులో మంత్రిని ఇచ్చేసి, మేట్ ఎక్కడుందో చూపించమన్నట్టు మాస్టారి వైపు చూసే పిల్లలు ప్రతి ఊళ్లోనూ తయారయ్యారు.

ఇక తండ్రులు. విజయవాడకు కోనేరు హంపి ఉంది, గుంటూరుకు హరికృష్ణ, హారిక ఉన్నారు. వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు ప్రపంచ రేటింగ్ లిస్టులో 2800 దాటాడు. ఇంక మనవాడికేం తక్కువని ప్రతి తండ్రీ అడగడంలో న్యాయముంది. టోర్నమెంటు హాల్లోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి తండ్రులు, ఫోన్లు, వాటిలో ఎత్తులు లెక్కగట్టే ఇంజిన్లు అన్నీ బయటే కాపు కాస్తుంటాయి.

ఈమధ్య ఒక ఫంక్షన్ హాలు మెట్ల మీద ఇది నా కళ్లారా చూశాను. పదేళ్ల కుర్రాడు స్కోర్ షీటు పట్టుకుని బయటికొచ్చాడు. షీటు మూలన సమోసా నూనె మరక. తండ్రి ఒక్కో ఎత్తూ ఫోన్‌లోకి ఎక్కించి, పద్దెనిమిదో ఎత్తు దగ్గర ఆగాడు.

"ఇక్కడ బిషప్‌తో హెచ్7 కొట్టేస్తే అయిపోయేది కదరా! కనపడలేదా?"

"లేదు నాన్నా."

"ఎలా కనపడదు? ఇదిగో, ప్లస్ ఆరు చూపిస్తోంది."

"నాకు చూపించలేదు నాన్నా."

ఇంతకన్నా సూటిగా ఈ సమస్యను ఏ గ్రాండ్‌మాస్టరూ చెప్పలేదు. పాపం, వాడు పొద్దున రౌండ్లో అదే హెచ్7లో శకటు బలి ఇచ్చాడట. శకటును రాజు తీసుకున్నాక గుర్రం జి5కి చెక్ చెబుతూ వెళ్లాలి, మంత్రి హెచ్5కి రావాలి. పుస్తకంలో ఉన్న ప్లానే. కాకపోతే పొద్దున ఎఫ్6లో నల్ల గుర్రం కాపలా ఉంది. హెచ్5 గడి దాని కంట్లోనే ఉంది. శకటు పోయింది, గేమూ పోయింది. పొద్దున ఎందుకిచ్చావని తిట్లు తిన్నాడు, సాయంత్రం ఎందుకివ్వలేదని తింటున్నాడు.

కాబట్టి జీవోలో ఇంకో నిబంధన చేర్చాలి. పిల్లవాడిని నిలదీసే ముందు తండ్రి ఫోన్ పక్కన పెట్టి, ఏదైనా ఒక పొజిషన్‌ను ఐదు నిమిషాలు చూసి ఎత్తు చెప్పాలి. ఆ మెట్ల మీదే ప్రయోగం చేశాను. రెండు వైపులా క్యాస్లింగ్ అయి (రాజులు ఏనుగుల చాటున దాక్కుని), ఎవరికీ ఏ ప్రమాదమూ లేని ప్రశాంతమైన పొజిషన్ ఒకటి బోర్డు మీద పేర్చి ఆయన ముందు పెట్టాను.

"ఎవరి ఎత్తు?"

"తెల్లదండి."

"మేట్ ఉందా, లేక పావు లాభమా?"

"అది చెప్పకూడదండి."

ఆయన చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. ఫోన్ ఉన్న జేబు తడుముకుని, నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాలుగో నిమిషంలో ధైర్యంగా శకటును తీసి హెచ్7లో బంటును కొట్టాడు.

"ఎందుకిచ్చారండీ?" అన్నాను.

"ఏమీ లేకుండా ఊరికే అడుగుతారా మీరు?" అన్నాడు.

కుర్రాడు బోర్డు మీదికి వంగి చూశాడు.

"ఎఫ్6లో గుర్రం ఉంది నాన్నా."